కుక్ మేడమ్ డబ్బా

మిర్యాలగూడ హైస్కూల్లో సలోమి టీచరును అందరూ కుక్ మేడమ్ అంటారు. కుక్ ఆమె ఇంటిపేరు. అన్నం గంట కొట్టగానే కొంగు నడుముకు దోపి, అందరికన్నా ముందు తన డబ్బా మూత తీసి బల్ల మధ్యలో పెడుతుంది. స్టాఫ్‌రూములో అందరి కూరలూ ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాలోకి తిరుగుతాయి. ఆమె కూరను మాత్రం ఎవరూ ముట్టరు. ఒకరికి ఉపవాసం, ఒకరికి గ్యాస్, ఇంకొకరికి కారం పడదు. అయినా ఆమె పంతం కొద్దీ రోజూ అందరికీ సరిపడా వండుకొస్తుంది.

ఆ రోజు గోంగూర పప్పు. కొత్తగా వచ్చిన శకుంతల టీచరు, "కుక్ అంటే ఏంది మేడమ్? గిసొంటి ఇంటిపేరు ఎన్నడూ ఇనలే. ఇంతకీ మీరేంటోళ్లు?" అని అడిగింది. నోటిదాకా వెళ్లిన ముద్దలన్నీ అక్కడే ఆగాయి.

సలోమి శకుంతల వైపు తిరిగింది. "వంట చేసేటోళ్లని అర్థం. మా ముత్తాత తెల్లదొర బంగ్లాల వండేటోడు. బాప్తిస్మం నాడు ఆ దొరే గీ పేరు పెట్టిండు. సచ్చేదాక మా ముత్తాత చేతి కూడే తిన్నడు." డబ్బాను శకుంతల ముందుకు జరిపింది. "మీరు తింటరా?"

"నాకు పప్పు పడదు మేడమ్," అంది శకుంతల, తన డబ్బాలోని టమాటా పప్పు కలుపుకుంటూ.

మర్నాడు సలోమి గిన్నెలో ఇంకో పిడికెడు పప్పు ఎక్కువ పోసింది.