బీరువాలోంచి వచ్చిన అమీబా

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో, లోకమంతా చెడిపోయి నా రాక కోసమే ఎదురుచూస్తోందని నాకు గట్టి నమ్మకం. కొడవలూరు దగ్గర, సముద్రం వైపు ఉన్న ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ మేడమ్‌ని. (చీర కట్టుకోవడం కూడా అప్పుడే నేర్చుకున్నాను.) అక్కడ ప్రాక్టికల్స్ అంటే పుస్తకంలో బొమ్మ చూసి రికార్డులో వేయడమే. మైక్రోస్కోపు ఒకటి ఉండేది గానీ, అది కరస్పాండెంట్ గారి బీరువాలో, ఎవరో ఇచ్చిన శాలువాల మధ్య భద్రంగా ఉండేది. "పిల్లోళ్ళు ముట్టుకుంటే పాడైపోతాదమ్మా" అనేవారాయన. "ముట్టుకోకపోతే సైన్సు ఎలా వస్తుంది సార్?" అని ఆయన కనపడినప్పుడల్లా ప్రాణం తీసేదాన్ని. చివరికి విసిగిపోయి, "ఏమన్నా అయితే పూచీ నీదే" అంటూ తాళం తీశారు.

మర్నాడు పొలం కాలవ నీళ్ళు సీసాలో పట్టుకొచ్చి, ఒక చుక్క స్లైడు మీద వేసి చూశాను. గుండ్రంగా ఏదో ఆకారం, చుట్టూ కొమ్మల్లాంటివి! నాకైతే మధ్యలో న్యూక్లియస్ కూడా కనపడింది. "అమీబా!" అని కేకపెట్టాను. పిల్లలంతా వరస కట్టి చూశారు, ఆహా ఓహో అన్నారు, రికార్డుల్లో బొమ్మ గీసుకున్నారు. జువ్వలదిన్నె నుంచి వచ్చి హాస్టల్లో ఉండే ఒకమ్మాయి మాత్రం గొట్టం మీద నుంచి కన్ను తీయలేదు. ప్రతిదానికీ 'ఎందుకు' అంటుందని స్టాఫ్‌రూంలో మేమా పిల్లను 'ఎందుకమ్మాయి' అనేవాళ్ళం.

"ఇది కదల్లేదు మేడమ్, ఎందుకు?"

"భయపడిందమ్మా, ఇంతమంది చూస్తున్నారు కదా" అన్నాను. (ఎమ్మెస్సీ చదివినదాన్ని.)

ఈ సంగతి తెలిసి కరస్పాండెంట్ గారే స్వయంగా వచ్చారు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో పెట్టాలని ఫోన్ కూడా తెచ్చుకున్నారు. ఆయన కోసం కొత్త చుక్క వేద్దామని నేను స్లైడు తీసి కడుగుతున్నాను. ఆయన ఆగలేక గొట్టంలోకి వంగేశారు.

"అబ్బబ్బ! భలే ఉండాదమ్మా అమీబా!"

స్లైడు నా చేతిలో ఉంది. నీళ్ళు కారుతున్నాయి. ఎందుకమ్మాయి నా చేతిని చూసింది, తర్వాత నా మొహం చూసింది. నోరు మూసుకుంటే ఉద్యోగం నిలుస్తుంది. కానీ ఆ పిల్ల చూపు నా మీదే ఉంది.

"సార్... అందులో స్లైడు లేదండీ."

"లేకపోయినా ఇంత బాగా కనపడతా ఉండాదే! పెడితే ఇంకెట్టుంటాదో!" అన్నారాయన సంబరంగా.

ఎందుకమ్మాయి ముందుకొచ్చి, కన్ను పెట్టే గొట్టం పైభాగాన్ని తను చూస్తూనే మెల్లగా తిప్పింది. "దీంతోపాటే అమీబా కూడా తిరగతా ఉండాది మేడమ్. అద్దానికే పట్టుకోనుండాది." నేనూ చూశాను. సముద్రపు గాలికి, మూసిన బీరువాలో, అద్దం మీద పెరిగిన బూజు అది. మేమంతా న్యూక్లియస్‌తో సహా బొమ్మ గీసుకున్నది ఆ బూజుకే.

ఇప్పుడైనా తెరిచి వాడితేనే వస్తువు బాగుంటుందని ఆయన గ్రహిస్తారనుకున్నాను. ఆయన మాత్రం "చూసినావా? ముట్టుకుంటే పాడైపోతాదని ముందే చెప్పినా కదా!" అని మైక్రోస్కోపును చంకన పెట్టుకుని వెళ్ళిపోయారు. బీరువా తాళం పడిన చప్పుడు క్లాసు దాకా వినపడింది. పిల్లలు పుస్తకాలు తెరిచి, రబ్బరుతో పాత బొమ్మ చెరిపి, అందులో చూసి చక్కని బొమ్మ వేసుకున్నారు. నేను కాలవ నీళ్ళు కిటికీలోంచి పారబోశాను. ఆ ఏడాది మళ్ళీ ఆ తాళం తీయించే శక్తి నాకు రాలేదు.

పరీక్షల్లో ప్రాక్టికల్స్‌కి అందరికీ పూర్తి మార్కులు వేశారు. మార్కులు తెలిసిన రోజు ఎందుకమ్మాయి సంతోషంగా కనపడలేదు. గేటు దగ్గర నన్ను ఆపింది.

"మేడమ్, నిజం అమీబాను ఎప్పుడు చూస్తాం?"

"డిగ్రీలో చూస్తావులేమ్మా, అక్కడ అన్నీ చూపిస్తారు" అన్నాను, భుజం తట్టి, చాలా పెద్దమనిషిలా.

ఆ పిల్ల నమ్మి వెళ్ళిపోయింది. నేను నిలబడిన తీరూ, నా గొంతులో ధీమా తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, ఆ వెంటనే ఏదోలా ఉంటుంది. డిగ్రీ, పీజీ రెండూ పూర్తి చేసిన నేను అప్పటికి అమీబాను ఒక్కసారీ చూసి ఉండలేదు.