సిలిండర్ మీద కూర్చున్న మేనత్త

పోయిన మంగళవారం తెల్లవారుతుండగా, చెన్నై కోడంబాక్కంలోని మా ఇంట్లో మా మేనత్త నిద్రలోనే కన్నుమూసింది. పరామర్శకు వచ్చినవాళ్ళంతా ‘పాపం, నోట్లో నాలుక లేని మనిషి’ అని కళ్ళు తుడుచుకున్నారు. పోయినవాళ్ళందరికీ ఈ మాట అంటించడం మనకు అలవాటు. మా అత్తకు నోట్లో నాలుక నిక్షేపంగా ఉండేది. దాని పదును సినిమావాళ్ళకు బాగా తెలుసు.

హీరోయిన్లు నీళ్ళలో మునిగే సన్నివేశాల్లో వాళ్ళ బదులు మునిగేది మా అత్త. తెర మీద ముఖం కనిపించదు, పేరూ పడదు. ఆమెకు ఆ చింత లేదు. ఆటో ఎక్కేముందు బ్రేకు తొక్కి చూపించమనేది. నీళ్ళలోకి దిగేముందు మాస్కు అద్దానికి ఆవిరి పట్టకుండా లోపల ఉమ్మి రుద్దేది. నేను మొహం చిట్లిస్తే, “నా ఉమ్మి నాకు రోతేంది? కండ్లు కనపడకపోతేనే రోత” అనేది.

నేను కాస్ట్యూమ్స్‌లో పనిచేసే రోజుల్లో, సముద్రం వెంట పోయే ఈసీఆర్ రోడ్డు పక్కన షూటింగుకని కట్టిన లోతైన ట్యాంకు దగ్గర ఒకసారి ఇద్దరం ఉన్నాం. గాలి సిలిండర్, గొట్టాలు బాడుగకు తెప్పించారు. రాగానే మనవాళ్ళు కెమెరాతో పాటు వాటికీ చందనం పూసి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి హారతిచ్చారు. పనిచేస్తాయో లేదో మాత్రం ఎవరూ చూడలేదు. అత్త గొట్టం నోట పెట్టుకుని, మీటరు చూస్తూ గాలి పీల్చింది. పీల్చినప్పుడల్లా ముల్లు కిందికి పడిపోయి మళ్ళీ లేస్తోంది. వాల్వు పూర్తిగా తిప్పినా అదే వరస. లోపలెక్కడో గాలికి అడ్డం పడుతోంది. ఒడ్డునే ఇలా ఉంటే లోతులో ఊపిరి అందదు.

“నేను దిగను” అంది.

ప్రొడక్షన్ మేనేజరు పరుగున వచ్చాడు. “ఏందక్కా, టెంకాయ కొట్టినాక దిగనంటే అపశకునం గదా! ఒక్క మునక. సీక్రం ముగిచ్చేద్దాం.”

“కర్పూరం ఎలిగిస్తే మిషను బాగైపోతాదా? అట్లయితే నువ్వే దిగప్పా. నేను పైనుంచి హారతి పడతా.”

“నువ్వు కాకపోతే ఇంకో అమ్మాయి దిగతాది” అన్నాడు అతను.

ఆ మాటకు అత్త ముఖం మారింది. నేలమీద పడుకోబెట్టిన సిలిండర్ మీద బరువంతా వేసి కూర్చుంది. “పిలువు. ఎవురు దిగాలన్నా ముందు నన్ను ఈడ్నించి లేపాల.”

ఎవరూ లేపలేకపోయారు. సాంబారన్నం కూడా అక్కడే కూర్చుని తింది. బాడుగ షాపు బండి వచ్చి సిలిండర్‌ను తీసుకుపోయేదాకా కదల్లేదు. మర్నాడు మంచి సిలిండర్ వచ్చింది. దిగింది మాత్రం మేనేజరు చెప్పిన ఆ ఇంకో అమ్మాయి. నవ్వుతూ పైకి తేలింది. అత్తను ఆ మేనేజరు మళ్ళీ పిలవలేదు, ఇంకెవరినీ పిలవనివ్వలేదు. నాకు ఒళ్ళు మండిపోయేది. ఆమె మాత్రం, “పని పోతే ఇంకో పని ఉండాది. ఊపిరి పోతే యాడ తెచ్చేది?” అంటూ పిల్లలకు ఈత నేర్పడానికి బయల్దేరేది.

మంగళవారం ఆమె కోసం ఐసు పెట్టె బాడుగకు తెచ్చారు. పడుకోబెట్టి, మాల వేసి, ప్లగ్గు పెట్టారు. నేను చెయ్యి వేయగానే జివ్వుమని షాక్ కొట్టింది. వేరేది తెప్పించమన్నాను.

మా బాబాయి నచ్చజెప్పబోయాడు. “మాల ఏసేసినామమ్మా. మళ్ళా బయటికి తీస్తే అపశకునం. ఎవురూ ముట్టుకోకుంటే సరిపోతాది.”

ఎవరూ ముట్టుకోకుండా మా అత్తను సాగనంపాలా? ప్లగ్గు పీకి, చేతిలో పట్టుకుని, ఆ స్విచ్చు కిందే కూర్చున్నాను. “ముందు నన్ను లేపు బాబాయ్” అన్నాను.

వేరే పెట్టె వచ్చింది. అందరూ దాని మీద చెయ్యి వేసి, తల ఆనించి, తనివితీరా ఏడ్చారు. మధ్యాహ్నానికి అత్త ముఖం మీది అద్దానికి ఆవిరి పట్టింది. అంతమంది చూస్తుండగానే నేను వేలు నాలుకకు తడుపుకుని ఆ అద్దం మీద రుద్దాను. అత్త ముఖం తేటగా కనిపించింది.