నా పేరు పెట్టాల్సిన చిమ్మెట

మార్కాపురంలో మీరావలి గారి పలకల షెడ్డులో నా పని బడిపిల్లల పలకల మీద గీతలు గీయడం. రెండో ఫారం దాకా చదివినవాణ్ణని ఆ పని నాకిచ్చారు. నా చదువు సంగతి తోటి పనివాళ్లు మరిచిపోకుండా చూసుకోవడం నాకు నేను పెట్టుకున్న రెండో పని.

మాకు పిల్లలు లేరు. నా భార్య సుశీలమ్మ ఆ బాధను ప్రార్థనలో దేవుడికి అప్పజెప్పి ఊరుకుంది. నాకు మాత్రం కరుణాకరం అనే పేరు నాతోనే పోతుందని లోపల దిగులు.

ఆ ఏడు మద్రాసు సర్కారు పురుగుల ఆఫీసరు రామసుబ్బయ్య గారు జొన్నలకు పట్టే పురుగులను చూడడానికి వచ్చి ముసాఫరు బంగళాలో దిగారు. కొత్త జాతి దొరికితే పట్టినవాడి పేరు దానికి పెట్టడం కూడా ఉందని మా షెడ్డులో జొన్నలు చూడడానికి వచ్చినప్పుడు మాటల మధ్య అన్నారు. ఇక నేను గోడలు వెతకడం మొదలుపెట్టాను.

వారం తిరగకుండానే దొరికింది. కూలి కింద మాకిచ్చే జొన్నల బస్తాలు షెడ్డు మూలన ఉంటాయి. ఆ పక్క గోడ మీద వాలి ఉంది, చిటికెన వేలి గోరంత చిమ్మెట. రెక్కలు ఒంటికి చుట్టుకుని, మూతి ముందుకు పొడుచుకుని ఉంది. అచ్చం పలక రంగు. ఆ రెక్కల మీద సన్నటి గీతలు! గీతలు గీసి బతికేవాడికి గీతల చిమ్మెట కనబడడం దైవచిత్తం కాకపోతే ఏమిటి? దాన్ని అగ్గిపెట్టెలో పెట్టుకున్నాను. ఆదివారం చర్చిలో సాక్ష్యాల వేళ అందరికంటే ముందు లేచి, నా పేరు మోసే జీవిని దేవుడు పంపాడని సంఘమంతటికీ చెప్పేశాను.

మర్నాడు అగ్గిపెట్టె బంగళాకు తీసుకెళ్తే ఆఫీసరు భూతద్దం పెట్టి చూశారు.

"ఇంత చిన్నవాటికి రంగు చూసి జాతి చెప్పలేమయ్యా. రెక్కల నరాలు చూడాలి. పైపొడి తీస్తే కానీ అవి కనబడవు," అంటూ కుంచెను స్పిరిట్‌లో ముంచి రెక్క మీద ఒక్కసారి రాశారు.

నల్లగా కారింది. కింద గడ్డిరంగు రెక్క బయటపడింది.

"ఇది జొన్నల్లో పుట్టే మామూలు చిమ్మెటే. పలకల పొడి పట్టింది. మూతి పొడుగ్గా ఉంది కనుక ఆడది," అన్నారు. నవ్వు ఆపుకోవడానికి పాపం ఆయన చాలాసేపు మీసం సర్దుకున్నారు.

రోజూ సాయంత్రానికి నా మీసం, కనురెప్పలు కూడా అదే రంగులో ఉంటాయి. "మొగం కడుక్కున్నాకే కుండ ముట్టుకో," అని సుశీలమ్మ రోజూ అరుస్తుంది. ఆ చిమ్మెటకు అలా అరిచి చెప్పేవాళ్లు ఎవరూ లేరన్న సంగతి నా రెండో ఫారం బుర్రకు తట్టలేదు.

ఊరికి తెలియడానికి ఎంతసేపు? సంఘమంతటికీ నేనే కదా చెప్పింది. అప్పటినుంచి ఏ ఇంట్లో జొన్నలు చెరిగినా, చిమ్మెట లేవగానే, "కరుణాకరం లేచినాడు, కొట్టండే!" అని కేకలు. ఆఫీసరు పెట్టలేని పేరు ఊరు పెట్టింది. చేటల చప్పుడు వినబడితే నేను సందు మార్చి నడిచేవాణ్ణి.

మొన్న సుశీలమ్మ ఇంట్లో జొన్నలు చెరుగుతుంటే ఒకటి లేచింది. పూర్వమైతే చేటతోనే ఒక దెబ్బ వేసేది. ఈసారి దాన్ని రెండు చేతుల మధ్య పట్టుకుని, కిటికీ దగ్గరికి వెళ్లి వదిలేసింది.

"ఏందే, వదిలిపెడ్తివి? మళ్లా వచ్చి గుడ్లు పెడ్తది," అన్నాను.

"పెట్టనీలే అయ్యా. నీ పేరు పెట్టుకున్నదాన్ని నా చేతుల్తో ఎట్ల చంపేది?"

నేను మీసం కడుక్కోవడానికి దొడ్లోకి వెళ్లాను. ఆ రోజు కళ్లు కూడా కడుక్కోవలసి వచ్చింది.