కళాయి పోయిన రాగి గంజు

ఆ రోజు కళాయి పోసే అతణ్ణి మా వాకిట్లోంచి పంపేసింది నేనే. తప్పు నాదే.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఏడు సూర్యాపేటలో సైన్సు పంతులుగా ఉన్నాను. కోదాడ నుంచి అత్తగారు వచ్చి ఉన్నారు. పొద్దున కళాయి అతను వాకిట్లోకి వస్తే, నా భార్య రాగి గంజు తెచ్చి చూపింది. లోపలి తగరం పూత అరిగిపోయి ఎర్రగా రాగి కనబడుతోంది.

"జర కళాయి పోయించుండ్రి. గిండ్ల పులుసు పెడితే చిలుమొస్తది."

"రాదు. రాగికి పైపొరల ఒక్కటే ఎలక్ట్రాను. దాని కింది పొర పద్దెనిమిదితోని నిండుగ ఉంటది. చింతపండు పులుపుతోని ఏం గాదు."

"మీ ఎలక్ట్రాన్లు మీరే వండుకోండ్రి."

"పోనీలేవే, చదువుకున్నాయన చెబుతున్నాడుగా" అన్నారు అత్తగారు. నాకు సంతోషమేసింది. కళాయి అతణ్ణి పంపేశాను.

మధ్యాహ్నం బడి నుంచి వచ్చేసరికి అత్తగారు వాంతులతో సోలిపోయి ఉన్నారు. పొద్దున కాచిన పులుసు గంజులోనే ఉండిపోయింది, నా భార్య కంటే ముందు ఆవిడ దాన్నే అన్నంలో పోసుకుని తిన్నారు. గంజు అంచున నీలం కలిసిన పచ్చ చిలుము. దవాఖాన నుంచి వచ్చిన డాక్టరు మందిచ్చి, సాయంత్రం దాకా చూడాలన్నాడు.

కూర్చోలేకపోయాను. వాకిట్లోకి, మంచం దగ్గరికి తిరుగుతూనే ఉన్నాను. పులుపు ఒక్కటే రాగిని కరిగించలేదన్నది నిజమే. కానీ పైనున్న గాలిని మరిచాను. గాలిలోని ఆక్సిజన్ రాగి ఎలక్ట్రాన్లను లాక్కుంటుంది, అప్పుడు పులుపు దాన్ని కరిగిస్తుంది. నిండుగా ఉందన్న ఆ కింది పొర కూడా గట్టిది కాదు, పైదాని వెంట తనలోంచి ఇంకొకటి వదులుతుంది. రెండూ పోయిన రాగిదే ఆ రంగు. తరగతిలో మైలుతుత్తం చూపించి ఇదంతా చెప్పినవాణ్ణే. ఇంట్లో నా మాట నెగ్గాలని సగమే చెప్పాను.

పొద్దు గూకేవేళ ఆవిడ కళ్ళు తెరిచారు.

"ఏం అల్లుడుగారూ, ఆ ఒక్క ఎలక్ట్రానూ బయటికొచ్చినట్టుందే!"

నా భార్య నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

కళాయి అతను మిర్యాలగూడ వెళ్ళాడని తెలిసి, మర్నాడు గంజు ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను.

"నిన్న ఏం గాదంటివి గద సారూ?" అన్నాడతను గంజు అందుకుని.

"తప్పు చెప్పిన" అన్నాను. కళాయి పూర్తయ్యేదాకా అతని కొలిమి తిత్తి నేనే ఊదాను.

ఇంటికొచ్చి ఆ గంజులో నేనే పులుసు కాచి, ఇద్దరి ముందూ మొదట నేనే తిన్నాను.

"ఉప్పెక్కువైంది" అంది నా భార్య, రుచి చూసి.

అత్తగారు తనకూ పోయమన్నట్టు కంచం నా ముందుకు జరిపారు.