ఫాదర్‌గారి చౌకన్నా

ఇరవై ఏళ్లు నిండీ నిండని ఆ రోజుల్లో నాకు దేవుడి మీద ఎంత నమ్మకమో బేరం మీదా అంతే నమ్మకం. రెండింటినీ కలిపే వాడేవాణ్ణి. సరుకు ఓడ ఆలస్యమైతే ఒక జపమాలతో మొదలుపెట్టి, దేవుడు పలక్కపోతే రెండింటి దాకా వెళ్లేవాణ్ణి (మూడు మాత్రం ఎన్నడూ ఒప్పుకోలేదు, ఒకసారి ఇస్తే అదే రేటు ఖాయమైపోతుంది). మా ద్వీపంలో, జంగ్లీఘాట్‌ అనే పేటలో మాది కిరాణా కొట్టు. పదికి అమ్మాల్సినదాన్ని పదిహేనని చెప్పి, తలకొట్టుకుంటూ పదకొండుకి ఇచ్చి, కొన్నవాళ్లే నన్ను ఓడించామనుకుంటూ వెళ్తుంటే చూడటం నాకు కొబ్బరి లౌజుతో సమానం.

ఆ ఏడు, ఈస్టర్‌కి ముందు నలభై రోజులు మాంసం మానే తపస్సు కాలం ఇంకా మొదలవకముందే, నాన్న సరుకు కోసం ఓడెక్కి చెన్నై వెళ్తూ, "నేనొచ్చేసరికి కొట్టు సరిగ్గా నడిస్తే గల్లా దగ్గర కుర్చీ నీది. లేదంటే మళ్లీ గోడౌన్‌లో కూర్చుని కుళ్లిన ఉల్లిపాయలు ఏరుకో" అన్నాడు. ఆ కుర్చీ కోసం నేను చిన్నప్పట్నుంచీ కాచుక్కూర్చున్నాను. తపస్సు కాలం మొదలయ్యే విభూది బుధవారం నాడు పూజలో రాంచీ వైపు నుంచి వచ్చిన మా ఫాదర్‌గారు హిందీలో ప్రసంగిస్తూ, పాపానికి లాగే శోధన చప్పుడు చేయకుండా వస్తుందనీ, ఇంట్లోనూ వ్యాపారంలోనూ "చౌకన్నా రహనా" అనీ వేలెత్తి మరీ చెప్పారు. అంటే ఏమరపాటు లేకుండా ఉండమని. మర్నాడు కొట్టుకి వెళ్లేసరికి నాయనమ్మ కొబ్బరినూనె కొన్న ధరకే అమ్మేస్తోంది. ఇన్నేళ్లు ద్వీపాల్లో ఉన్నా ఆమె హిందీ బస్సు టికెట్టూ చేపల బజారూ దాటలేదు.

"ఇదేటి నాయనమ్మా?"

"ఫాదర్‌గోరు సెప్పలేదేటి? యాపారంలో చౌక, అన్నా, అని. పండగెల్లే దాకా లాభం ముట్టుకోకు."

"అది చౌక కాదే. చౌకన్నా అంటే జాగ్రత్తగా ఉండమని."

నాయనమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "రేటు పెంచుకోడానికి ఆకరికి ఫాదర్‌గోరి మాట కూడా మార్సేత్తావేట్రా?"

నేను నిజం చెప్పిన అరుదైన సందర్భాల్లో అదొకటి. ఒక్కరూ నమ్మలేదు. నాన్నకు ఫోన్ చేద్దామంటే, అప్పుడే చేతులెత్తేశాడనుకుంటాడని భయం. చివరికి ప్రోతరాపూర్ బస్సు కోసం మా కొట్టు ముందు నిలబడ్డ ఫాదర్‌గారినే బతిమాలి లోపలికి తీసుకొచ్చాను. నేను నోరు విప్పేలోపే నాయనమ్మ చేతులు జోడించి, "ఫాదర్, ఆప్ బోలా నా, చౌకన్నా?" అంది. తెలుగు ముక్క రాని ఆయన ముఖం వెలిగిపోయింది. తన ప్రసంగం ఒక్కరికైనా గుర్తుంది మరి. "హా అమ్మా, చౌకన్నా. హర్ దిన్, హర్ పల్" అని ఆశీర్వదించి, బస్సు వస్తే పరుగెత్తారు.

"ఇన్నావా? రోజూనంట" అంది నాయనమ్మ.

లాభం పోయినందుకు కాదు, బేరం పోయినందుకు చిక్కిపోయాను. కొన్న ధర చెప్పినా జనం ఊరుకోరు కదా. "తగ్గించు భయ్యా" అనేది చేపలమ్మే దీదీ. "ఇది కొన్న ధరే దీదీ" అంటే, "అందరూ అదే సెప్తారులే" అని మూతి తిప్పేది. నాలుక చివర దాకా ఒక మంచి అబద్ధం వచ్చేది. పక్కనే పప్పు ఏరుతూ నాయనమ్మ ఒకసారి తలెత్తేది. మింగేసేవాణ్ణి. ఈస్టర్ దగ్గరపడేసరికి మాంసం కంటే అబద్ధాలు మానడమే కష్టమని తెలిసొచ్చింది (మాంసానికి బదులు చేపలున్నాయి, దీనికి బదులేమీ లేదు).

నాన్న దిగాడు. ఖాళీ అరలు చూశాడు, నన్ను చూశాడు. ఇక నాకు ఉల్లిపాయలే గతి అనుకుని, గోడౌన్ తాళంచెవి నేనే ఆయన చేతికిచ్చి జరిగిందంతా చెప్పాను. దగ్గొచ్చేదాకా నవ్వి, "అమ్మా, చౌకన్నా అంటే చౌక కాదే. ఒళ్లు దగ్గర పెట్టుకుని మసులుకోమని" అన్నాడు.

నాయనమ్మ పప్పు చాట పక్కన పెట్టింది. "అలాగా. మరి ఈడు అలాగే ఉన్నాడు గదా. నోటికాడికొచ్చింది మింగడం రోజూ సూత్తానే ఉన్నాను. కుర్చీ ఇచ్చీ."

నాన్న తాళంచెవి జేబులో వేసుకుని, కుర్చీ నా వైపు జరిపాడు. జీవితంలో బేరమాడకుండా నాకు దక్కింది అదొక్కటే.

ఇప్పుడు నాయనమ్మ లేదు. కుర్చీ ఉంది, నేనున్నాను. అప్పటి ఆ కుర్రాడి మీద నాకు కాస్త అసూయ. వాణ్ణి కనిపెట్టుకుని ఉండటానికి పక్కన ఒక మనిషి ఉండేది. ఇప్పుడు నాకు నేనే కాపలా. ఆ కాపలావాడు నాకు బాగా తెలిసినవాడే, కాస్త గట్టిగా బేరమాడితే దిగొచ్చేస్తాడు.