స్థలం గడిలో రాయని ఊరు

కరోనా ఆంక్షలు సడలిన ఏడాది చలికాలంలో నన్ను సౌదీలోని ఖఫ్జీ రేవు నుంచి బయల్దేరే సర్వే బార్జీ మీద రిగ్గింగ్ ఫోర్‌మన్‌గా వేశారు. బళ్లో చదివింది ఏడో తరగతి. మిగతాది తాళ్ల దగ్గరా గొలుసుల దగ్గరా నేర్చుకున్నాను. సముద్రం అడుగున గ్యాస్ ఉందట. పైన నీళ్లు మావంటే మావని దేశాలు తగువులాడుకుంటున్నాయి. గ్యాస్‌కి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

బార్జీని నాలుగు లంగర్ల మీద నిలబెట్టి, గొట్టం దించి అడుగు మట్టి తియ్యడం మా పని. రోజువారీ రిపోర్టులో 'స్థలం' అని ఒక గడి ఉంటుంది. అందులో అక్షాంశం, రేఖాంశం అంకెలు వెయ్యొద్దు, 'పనిచోటు' అని రాస్తే చాలని ఆఫీసు ఆర్డరు. అంకెలు వేస్తే రేపు ఎవరైనా సాక్ష్యంగా చూపిస్తారట.

తొమ్మిదో రోజు పొద్దున క్రేన్ ఆపరేటర్ మొయిన్, కడపవాడు, డెక్కు మీద ముడుచుకుపోయాడు. మెడిక్ పొట్ట నొక్కి చూసి అపెండిక్స్ అన్నాడు. సాయంత్రంలోగా కొయ్యకపోతే పగులుతుందన్నాడు. కెప్టెన్ హెలికాప్టర్ కోసం ఆఫీసుకు ఫోన్ చేశాడు. ఎక్కడున్నారన్నారు. పనిచోట అన్నాడు. అదెక్కడన్నారు. చెప్పొద్దన్నది మీరే కదా అన్నాడు. లీగల్ ఆయన లైన్లోకొచ్చి, హెలికాప్టర్ అక్కడికొస్తే మనం అక్కడున్నట్టు రికార్డవుతుంది, ఆలోచించి చెప్తామన్నాడు.

"అన్నా, ఈ నీళ్లు ఎవురివో తేలేలోపల నా కడుపు పగిలేట్టుండాదే," అన్నాడు మొయిన్.

"ఓర్చుకోరా. నీ కడుపు మాదని ఇంకా ఏ దేశమూ అన్లేదు," అన్నాను.

నవ్వబోయి మూలిగాడు.

లంగర్లెత్తాలంటే నాలుగు గంటలు. పక్కనే మనుషుల్ని చేరవేసే క్రూబోటు ఉంది. వీణ్ణి అందులో పడమటికి, తగువులేని నీళ్లలోకి తీసుకుపోతాను, హెలికాప్టర్‌ని అక్కడికి పిలవండని కెప్టెన్‌కి చెప్పాను. ఆయన ఆఫీసును అడగలేదు. అడిగితే ఆలోచిస్తారని ఇద్దరికీ తెలుసు.

స్ట్రెచర్‌ని బెంచీకి కట్టి, ఆస్పత్రిలో అడుగుతారని మొయిన్ ఇఖామా, అదే సౌదీలో ఉండటానికిచ్చే కార్డు, నా జేబులో వేసుకుని, మెడిక్‌ని ఎక్కించుకున్నాను. గంటన్నర ప్రయాణం. మ్యాపులో గీత దాటాక హెలికాప్టర్ వచ్చింది. ఖఫ్జీలో సర్జన్ అపెండిక్స్ పగలకముందే తీసేశాడు.

వారానికి నాకు వార్నింగ్ లెటర్ వచ్చింది, అనుమతి లేకుండా బార్జీ దిగినందుకు. సంతకం పెట్టి తీసుకున్నాను. దిగినమాట నిజమే.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ బార్జీ ఎక్కబోయినా ముందు ఒకటే అడిగేవాణ్ణి: మనిషి పడిపోతే ఏ ఆస్పత్రికి, ఎవరి అనుమతితో? జవాబు కాగితం మీద చూపించాలి. చూపించనివాళ్ల బార్జీలు రెండు తగిలాయి. ఎక్కలేదు.