హన్నమ్మ బూటుకాలు

హన్నమ్మకు సర్కారు ఇచ్చిన కాలికి బూటు కూడా ఉంది. చిక్కంతా దాంతోనే. మోకాలి కింద తోలుపట్టీ, దాని కింద కొయ్య పిక్క, ఆ కొయ్యకు మరలతో బిగించిన నల్లబూటు. బూటు విడవాలంటే కాలే విప్పాలి.

సంగం వైపు నాట్లకు కూలీలను తీసుకెళ్ళిన ట్రాక్టరు కాలవగట్టు మీద బోల్తా పడ్డప్పుడు ఆమె ఎడమకాలు నలిగిపోయింది. నెల్లూరులో మోకాలి కిందికి తీసేశారు. తర్వాత ఆత్మకూరు ఆసుపత్రి క్యాంపులో ఈ కాలు తొడిగారు. వరికుంటపాడు పక్కనున్న తన ఊళ్ళో బస్సు దిగి ఇంటిదాకా దాంతో నడిచి వచ్చింది గానీ గడప దగ్గర ఆగిపోయింది. చెప్పులతో ఇంట్లోకి పోయే అలవాటు ఎవరికుంది? కాలు విప్పి, గుడ్డతో తుడిచి, చూరుకు తగిలించింది. ఇంట్లో చంకకర్ర, చర్చికి చంకకర్ర. ఉదయగిరికి బస్సెక్కే రోజున మాత్రం బూటుకాలు.

1995లో, ఇచ్చిన కాళ్ళు ఎలా పనికొస్తున్నాయో చూడ్డానికి అందరినీ ఆత్మకూరుకు పిలిపించారు. డాక్టర్ రాజమోహన్ బూటు తిప్పి చూశాడు. అడుగు అరగనేలేదు. వాడని కాళ్ళు వెనక్కి తీసుకుని, ఎదురుచూస్తున్నవాళ్ళకు సరిచేసి ఇవ్వమని పైనుంచి చెప్పారట. వచ్చే నెలకూ ఇలాగే ఉంటే కాలు అప్పజెప్పి పోవాలన్నాడు. కోపంగా కూడా అనలేదు. ఫ్యాను కింద కూర్చుని మామూలుగా అన్నాడు.

హన్నమ్మ మొగుడు జోయల్‌తో బస్సెక్కింది. ఇంటికొచ్చి బూటుతోనే గడప దాటింది. పొయ్యి దగ్గరికీ అలాగే పోయింది. జోయల్ దారిలో ఉన్న చాప చుట్టి పక్కన పెట్టాడు.

ఆదివారం చర్చి గుమ్మం ముందు చెప్పుల వరుస. సంఘపెద్ద సిద్ధయ్య అడ్డం నిలబడ్డాడు. చెడ్డవాడు కాదు. ఆమె ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఇల్లిల్లూ తిరిగి బియ్యం పోగుచేసినవాడే. అయినా బూటు బూటే.

"అమ్మే, దాన్ని ఈడ విప్పిపెట్టి రా. లేదంటే వసారాలో కుర్చీ ఏయిస్తా."

"నీ కాలు బయటపెట్టి నువ్వు లోపలికి పోతావా సిద్ధయ్య మామా?"

"అది కాలెట్టా అయితాది? బూటు గదా."

"అయితే బూటు నువ్వే పీకు. ఊడొస్తే బయటే పెడతా."

సిద్ధయ్య నిజంగానే వంగి చూశాడు. మరలు కనిపించాయి. వెనక ఆడవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన లేచేలోపు హన్నమ్మ లోపలికి దాటేసింది. గచ్చు మీద బూటు టకటకలాడుతుంటే పాట మధ్యలో సగం గొంతులు ఆగిపోయాయి. ఆమె చాపమీద కాలు చాచి కూర్చుని, ఆగినవాళ్ళ వంతు కూడా తనే పాడింది. తర్వాతి ఆదివారం మళ్ళీ అదే. కొందరు మొహం తిప్పుకున్నారు. తిప్పుకోనీ.

నెల తిరిగాక రాజమోహన్ అరిగిన బూటు చూసి సంతోషపడ్డాడు. బాగా ఉపయోగపడుతోందని రాసుకోబోయాడు.

"అట్టా రాయబాకండి సార్. తోలు కొరకతా ఉండాది. బురదలో దిగబడతాది. బూటు ఊడదు. ఊరందరితో పోట్లాడి తొడుక్కుంటా ఉండా. బాగుండి కాదు."

ఆయన కలం పక్కన పెట్టాడు. బూటు అక్కర్లేని రబ్బరు పాదం ఉందనీ, నెల్లూరు నుంచి తెప్పిస్తాననీ, కొలతకోసం ఈ కాలు అందాకా ఆసుపత్రిలో వదిలిపొమ్మనీ అన్నాడు.

హన్నమ్మ పట్టీ ఇంకాస్త బిగించింది.

"ఆ పాదం ఈడికి రానీండి. అప్పుడు విప్పతాను."

ఆయన వెనక నుంచి పిలుస్తూనే ఉన్నాడు. ఆమె వరండా మెట్లు దిగి బస్టాండు వైపు నడిచింది.